ఎదురు గీతలు

వానలకు ముందే బాదంచెట్టు కింది ఆ రాయిని ఎక్కడికో దొర్లించి ఉండాల్సింది, ఎవరూ అడగకముందే. అప్పుడు నేల ఎండి ఇనుములా ఉండేది, గడ్డపార దిగేది కాదు. వానల్లో అయితే బురద, కాలు నిలిచేది కాదు. ఇప్పుడు భాద్రపదం చివరికొచ్చేసరికి మట్టి తవ్వకానికి ఎంత కావాలో అంత మెత్తబడి ఉంది, సాకు చెప్పడానికి ఏమీ మిగల్చకుండా. అయినా ముందే దొర్లించి ఉంటే మాత్రం ఎక్కడ పెట్టేవాడు? తన గదిలో, మంచం కిందా?

రాజమల్లు గడ్డపార మీద బరువు వేసి ఆగిపోయాడు. ఇప్పుడు లేపుతున్నది ఆ రాయి కాదు. ఇది ఎవరో ఓడ కెప్టెన్‌ది.

"ఏమాయె మేస్త్రీ?" అన్నాడు అవతలి వైపు నుంచి కిష్టయ్య. "దొర లోపల్నుంచి గుంజుతున్నడా?"

రాజమల్లు నవ్వలేదు. మొన్న మొన్ననే పాలమూరు నుంచి బస్సు దిగిన కిష్టయ్యకి ప్రతిదానికీ ఒక మాట ఉంటుంది. ఇద్దరూ ఒక్క ఊపులో రాయిని లేపి, కింద కట్టెదుంగలు పెట్టి గోడ వైపు నడిపించారు. కెప్టెన్ రాయి కదులుతున్నంతసేపూ రాజమల్లు కళ్లు ఉత్తరపు మూలనున్న బాదంచెట్టు వైపు పోకుండా చూసుకున్నాడు.

బొంబాయి నాగ్‌పాడా వాళ్లు కాలా గిర్జా అని పిలిచే ఈ నల్లరాతి చర్చికి నూట యాభై ఏళ్లు నిండబోతున్నాయి. ఆదివారం ప్రార్థనకి వచ్చేది పిడికెడు మంది. ఉత్సవానికి వచ్చేవాళ్ల కార్లు నిలపడానికి చోటు కావాలని కమిటీ వాళ్లు వెనకాల ఉన్న సమాధుల నేలని చదును చేయిస్తున్నారు. అక్కడ కొత్తగా ఎవరినీ పూడ్చక వందేళ్లు దాటింది. పేరున్న రాళ్లను గోడకి వరసగా ఆనించి నిలబెట్టాలి. ఎముకలు దొరికితే వరండాలోని టేకుపెట్టెలో వేయాలి. అన్నిటినీ కలిపి ప్రార్థన చేసి ఒకేచోట పూడుస్తారు. పేరు లేని రాళ్లను పగలగొట్టి కార్ల చోటు కింద పరచాలి. కూలీల పెద్ద ముకద్దం ఇంత చెప్పి వెళ్లినవాడు మళ్లీ ఇటు రాలేదు.

పేర్లు చదవడానికి సాల్వే పాదిరి వచ్చేవాడు. సన్నగా, కాస్త గూనిగా, చెప్పుల చప్పుడు కూడా వినపడకుండా నడిచే మనిషి. రాయి మీది నాచు గీకగానే వంగి, కళ్లజోడు పైకి తోసుకుని, గట్టిగా చదివేవాడు. ఎవరికోసం చదువుతున్నాడో తెలియదు. రాజమల్లుకి ఇంగ్లీషు రాదు, కిష్టయ్యకి ఏ చదువూ రాదు. తర్వాత హిందీలో చెప్పేవాడు. ఇతను సార్జెంటు, ఎండదెబ్బకి పోయాడు, మీసాలు వచ్చిన మర్నాడే అనుకో. ఈమె తల్లి, వీళ్లు పిల్లలు, అందరూ ఒకే వానాకాలంలో. ఈ కెప్టెన్ ఓడ దిగాక ఒక్క ఆదివారం కూడా చూడలేదు. చెప్పడం అయ్యాక చేతులు ముందుకి కట్టుకుని కాసేపు నిలబడేవాడు. వాళ్లెవరో తనకి ఏమీ కారు. అయినా నిలబడేవాడు. మొదట్లో అది చూసి రాజమల్లుకి ఆశ్చర్యం వేసేది. కొద్దిరోజులకి అది ఆశ్చర్యం కాదని తెలిసింది. ఏమిటో తెలిశాక, పాదిరి అలా నిలబడ్డప్పుడల్లా తను పని కల్పించుకుని పక్కకి వెళ్లేవాడు. చచ్చినవాళ్ల మీద అసూయపడటం ఎవరితో చెప్పుకునే విషయం?

కిష్టయ్య చాయ్ తేవడానికి గేటు దాటాడు. దాటగానే రాజమల్లు చేతిలోని సుత్తె కుడి నుంచి ఎడమకి వచ్చింది. ఒక్కడే ఉన్నప్పుడు అది అలా వస్తుంది, అతను పిలవకుండానే. చిన్నప్పుడు తండ్రి ఆ చేతిని గోనెదారంతో నడుముకి కట్టేసి పని నేర్పాడు. ఎడమచేతివాడు చెక్కితే ఉలి గీతలు ఎదురు పడతాయి. అందరి గీతలూ ఒక వాలుగా ఉంటే అతనివి ఇంకో వాలుగా ఉంటాయి. పక్కరాయితో కలవని రాయిని మేస్త్రీ పారేస్తాడు. కుడిచెయ్యి నేర్చుకుంది, ఎడమది ఒప్పుకోలేదు అంతే. రాజమల్లు కెప్టెన్ రాతి అంచుకి అంటుకున్న పాత సున్నాన్ని ఎడమచేత్తో నాలుగు దెబ్బలు కొట్టి రాల్చాడు. దెబ్బ ఎక్కడ పడాలో అక్కడ పడుతుంటే ఒళ్లంతా ఒక్కచోటికి చేరినట్టు ఉంటుంది. గేటు కిర్రుమనగానే సుత్తె కుడిచేతిలోకి వెళ్లిపోయింది.

"మేస్త్రీ, ఆ చెట్టు కింద దాని సంగతేంది?" కిష్టయ్య గ్లాసు అందిస్తూ అడిగాడు. "పసుపు పూసున్నది. దొరలకి పసుపెందుకు?"

"అది రేపు సూద్దాం," అన్నాడు రాజమల్లు. నిన్న కూడా అదే మాట అన్నాడు.

సాయంత్రం కామాఠిపురాలో తన గల్లీకి వచ్చేసరికి కూలీలుండే చాల్ మెట్ల దగ్గర ఆడవాళ్లు బంతిపూల బుట్టలు ముందేసుకుని కూర్చున్నారు. ఎల్లుండి పెత్తరమాస, పోయిన పెద్దలకు పెట్టే అమావాస్య. ఆ రోజు సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు దొరకని ఊళ్లో దాదర్ బజారు బంతిపూలే తంగేడు. రాజమల్లు వాళ్ల చీరకుచ్చిళ్లకి కాలు తగలకుండా పక్కగా నడిచి, మేనత్త గంగవ్వ గదికి వెళ్లాడు. ఒకప్పుడు ఈ మెట్ల మీద అతన్ని ఎవరో ఒకరు ఆపి ఏదో ఒకటి అడిగేవాళ్లు. అతని కొడుకు భివండీలో మగ్గాల దగ్గరికి పోయి, ఉత్తరాలు కూడా మానేశాక, అడగడానికి వాళ్ల దగ్గర ప్రశ్నలు అయిపోయాయి.

గంగవ్వ కళ్లకి పొర కమ్మింది. ఆమె తలుపు వైపు మొహం తిప్పి, అడుగుల మీద మనిషిని గుర్తుపట్టింది. కొంగులోంచి, ఎముక వేయడానికి కుట్టిన ఒక గుడ్డసంచీ తీసి చాచింది. కొత్త తెల్లగుడ్డ, పసుపునీళ్లలో ముంచి ఆరేసింది, అరచేతిలో పట్టేంత. చూపు లేకుండానే కుట్టింది కాబట్టి కుట్లు వంకరగా ఉన్నాయి.

"ఒక్క బొక్క చాలు," అంది. "వేలు బొక్కయినా సరే. నాసిక్‌ల గోదారున్నది గద. నేను పోయేలోపట కలుపుదాం."

అతను తీసుకున్నాడు. ఆమె మళ్లీ ఆ సంగతే చెప్పడం మొదలుపెట్టింది. ఆమె నాయనకి తాత. నైజాం దేశం నుంచి నడుచుకుంటూ వచ్చినవాడు. ఆ చర్చి గోపురం కడుతుంటే పైనుంచి పడ్డాడు. కట్టించే దొర పరుగెత్తుకుని వచ్చి, టోపీ తీసి, ఇతన్ని బయటికి పంపొద్దు, మావాళ్ల పక్కనే పెట్టండి అన్నాడు. దొరల నడుమ పడుకున్న ఒకే ఒక్క తెలుగు కూలి, కామాఠి. పేరు ఎవరికీ గుర్తులేదు, ఇంట్లో అందరికీ గోపురం తాత. ఏటా పెత్తరమాసకి ఆ రాతికి పసుపు పూసి, గుమ్మడికాయ కూరతో ఆకులో అన్నం పెట్టి రావాలి. ఇంటి మగపిల్లలు ఒక్కొక్కరే ఊళ్లు పట్టుకుపోగా మిగిలింది రాజమల్లు. పాత చౌకీదారు చూసీ చూడనట్టు వదిలేసేవాడు. గంగవ్వ ఆ కథ చెబుతుంటే ఆమె నడుము నిటారుగా అవుతుంది. తన నడుము కూడా అలాగే అవుతుందని రాజమల్లుకి తెలుసు. జీవితంలో ఏ మనిషితోనూ మాట్లాడనన్ని మాటలు అతను ఆ రాతితో మాట్లాడాడు. పైకి కాదు, అన్నం పెట్టేటప్పుడు లోపల.

"నువ్వే లేపాలె. ఇంకొకని చెయ్యి పడొద్దు," అంది గంగవ్వ. తర్వాత, ప్రతి ఏడూ అనే మాట కూడా అంది. "అన్నం కుడిచేత్తో పెట్టు. మర్సిపోతవు నువ్వు, ఎడమచేతోడా."

మర్నాడు పాదిరి వచ్చినప్పుడు రాజమల్లు తలపాగా తీసి చేతిలో పట్టుకుని చెప్పాడు. ఆ చెట్టు కింద మా మనిషి ఉన్నాడు, దాన్ని పగలగొట్టించొద్దు. హిందీలో అది చాలా చిన్న సంగతిలా వినపడింది. పాదిరి విసుక్కోలేదు. నవ్వనూ లేదు. పేరేమిటని అడిగాడు. తాత అన్నాడు రాజమల్లు. పేరు, అన్నాడు పాదిరి మళ్లీ, మెత్తగానే. రాజమల్లు తలపాగా అంచుని వేళ్లకి చుట్టుకున్నాడు. ఇంతమంది పేర్లు ఈ మనిషి గొంతులో విన్నాక ఆ ఒక్క పేరు ఇవ్వలేకపోవడం ఒంటి మీద బట్ట లేనట్టు ఉంది. చివరికి పాదిరే అన్నాడు, కింద మనిషి ఉంటే ఏ దేవుడి మనిషైనా సరే, మర్యాదగా తీద్దాం, ఆ రాయి కూడా గోడ దగ్గరే ఉంటుంది. ముందు చూడమన్నాడు. తను కూడా పక్కనే నిలబడ్డాడు.

కిష్టయ్యని దూరంగా ఉండమని, రాజమల్లు ఒక్కడే గడ్డపార దూర్చాడు. అనుకున్నంత బరువు లేదు. రాయి ఒక అంచు మీద లేచి బాదంచెట్టు మొదలుకి ఆనుకుంది. కింద తడి, తెల్లటి వేళ్లు, పరుగెత్తే పురుగులు. అతను పారతో ఆ పైమట్టిని తోసేశాడు. తర్వాత గడ్డపార ఒక్కసారి దించాడు.

చప్పుడుకే తెలిసిపోయింది. ఒకసారి తవ్వి పూడ్చిన నేల ఎన్నేళ్లయినా అంత తేలిగ్గా గట్టిపడదు. నల్లమట్టీ ఎర్రమట్టీ కలిసిపోయి ఉంటాయి, గడ్డపార మెత్తగా మునుగుతుంది. కెప్టెన్ కింద అలాగే ఉంది, సార్జెంటు కింద అలాగే ఉంది. ఇక్కడ మొరం. పొరలు పొరలుగా, ఎలా పుట్టిందో అలాగే. ఎవరి పారా దీన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. అయినా అతను మోకాలు లోతు వరకు తవ్వాడు, ఆ చివర, ఈ చివర. మొరం వచ్చింది. దాని కింద ఇంకా గట్టి మొరం వచ్చింది.

పాదిరి అతని భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నాడు. రాయి నీ ఇష్టం, నీకు కావాలంటే తీసుకో అని కాబోలు. తర్వాత వెళ్లిపోయాడు. నిలబడలేదు. నిలబడటానికి అక్కడ ఎవరూ లేరు కదా, అనుకున్నాడు రాజమల్లు.

గుంత అంచున కూర్చుంటే ఒక విచిత్రమైన తేలిక వచ్చింది, జ్వరం తగ్గాక వచ్చేలాంటిది. దొర టోపీ తీయలేదు. ఎవరూ పరుగెత్తుకుని రాలేదు. పడ్డవాణ్ని గేటు బయటికి మోసుకుపోయి ఉంటారు, ఎక్కడికో. లేదా పడనే లేదేమో. పనిలేని వానాకాలంలో ఎవడో కడుపు నిండక, కథతో నింపుకున్నాడేమో. ఇన్నేళ్లు తను మాట్లాడినవి ఎవరు విన్నట్టు?

కిష్టయ్య వచ్చి పక్కన గొంతుకూర్చుని బీడీ ముట్టించాడు. రాజమల్లు జేబులోంచి బయటికి వచ్చిన పసుపుగుడ్డ అంచు చూశాడు. పొద్దున సగం చెప్పగా విని, మిగతా సగం అతనే అల్లుకున్నాడు.

"ముసలవ్వకా?" అన్నాడు. "అన్నా, బొక్కలకేం కరువిక్కడ? పెట్టె నిండున్నయి. ఒకటేసుకపో. దొరదయితేంది, గోదారి ఏమన్న పేరడుగుతదా?"

"సప్పుడు జెయ్యకు తమ్మీ."

"అవ్వ సల్లగ సస్తది గదా అన్నా. నీకేం పోతది?"

ఏమీ పోదు. కిష్టయ్య లేచి వెళ్లి, గుప్పిట మూసుకుని వచ్చి, ఆ గుప్పిటని రాజమల్లు అరచేతిలో తెరిచాడు. వేలిముక్క అంత ఉంది. ఎండిన పుల్లలా, బరువే లేదు. రాజమల్లు దాన్ని తిరిగి ఇచ్చేయలేదు. సంచీలో వేసి, దారం లాగి, జేబులో పెట్టుకున్నాడు.

కామాఠిపురా గల్లీల గుండా నడుస్తుంటే అది రొమ్ము మీద అడుగడుక్కీ తగులుతూ ఉంది. గుమ్మాల్లో నిలబడ్డ ఆడవాళ్లు రోజూలాగే అతని మీదుగా అవతలికి చూస్తున్నారు. ఒకామె ఎత్తుకున్న పిల్ల మాత్రం అతని వైపు చూసి చెయ్యి చాపింది. ఎంత చిన్న వేళ్లు. అతను నడక ఆపాడు. వానాకాలంలో పోయిన ఆ తల్లి రాయి, ఆమె పిల్లలు. కిష్టయ్య పెట్టెలో ఏ మూల నుంచి తీశాడు? పెద్దవాళ్ల వేలు ఇంత సన్నగా ఉంటుందా? దీన్ని గోదావరిలో వేస్తే, రేపెప్పుడో పాదిరి చేసే ప్రార్థనలో ఒక వేలు తక్కువ. చచ్చిపోయిన ఆ పిల్లకి పేరుంది. రాతి మీద ఉంది. ఆ ఎముక తీసేసుకుని తన తాతది చేస్తున్నాడు. పేరు లేకపోతే ఇలాగే చేయాల్సి వస్తుంది కాబోలు, ఎవరిదో ఒకటి తీసుకోవాల్సి వస్తుంది.

గంగవ్వ గదికి వెళ్లలేదు. తన గదిలో స్టవ్ వెలిగించి, అన్నం వండుకోకుండానే ఆర్పేశాడు.

తెల్లవారగానే చర్చికి వెళ్లాడు. చౌకీదారు గేటు తీసి మళ్లీ పడుకున్నాడు. రాజమల్లు సంచీ విప్పి, పెట్టెలో ఉన్నవాటి మధ్య ఎముకని పెట్టి, ఏం అనాలో తెలియక ఒక క్షణం నిలబడి, మూత వేశాడు. తర్వాత సుత్తె తీసుకుని చెట్టు దగ్గరికి వెళ్లాడు. కింద మనిషి లేడు కాబట్టి ఆ రాయి ఇక పగలగొట్టాల్సిన రాళ్లలో ఒకటి. ఆ పని చేస్తే తనే చేయాలి, ఇంకొకడి చెయ్యి పడకూడదు. గంగవ్వకి ఏం చెప్పాలో పగలగొడుతున్నప్పుడు తోచవచ్చు.

అడుగువైపు అంటుకున్న మట్టిమీద నీళ్లు పోసి, కొబ్బరిపీచుతో తోమాడు, ఎక్కడ కొడితే విరుగుతుందో చూడటానికి. మట్టి జారిపోతుంటే రాయి ఏమిటో తెలిసింది. సమాధిరాయి కాదు. మెట్టు. చర్చి ముందున్న మెట్ల వెడల్పే, ఒక అంచు అలాగే గుండ్రంగా తీసి ఉంది. ఒక మూల విరిగింది. అందుకే పారేశారు అనుకున్నాడు. ఎన్ని తరాలు మేస్త్రీ పారేసిన మెట్టుకి అన్నం పెట్టాయి.

అప్పుడు తూర్పుగోడ మీదుగా ఎండ ఏటవాలుగా వచ్చి రాతి మీద పడింది. తడి మీద ఉలిగీతలన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి.

రాజమల్లు చేతిలోని పీచు కింద పెట్టాడు. తల ఒకవైపు వంచి చూశాడు, ఇంకోవైపు వంచి చూశాడు. చర్చి గోడ దగ్గరికి వెళ్లి అక్కడి రాళ్ల మీద చేత్తో తడిమి వచ్చాడు. అక్కడ గీతలన్నీ కుడి నుంచి ఎడమకి దిగుతున్నాయి, ఒకే మనిషి చెక్కినట్టు. ఈ రాతి మీద ఎడమ నుంచి కుడికి. ఒక్కటి కూడా తప్పకుండా. తొందర లేకుండా, దగ్గరదగ్గరగా, దెబ్బ ఎక్కడ పడాలో అక్కడ పడుతూ. లోకంలో ఎడమచేతివాళ్లు ఎంతమంది లేరు? అది కూడా అనుకున్నాడు. ఇది రుజువు కాదు. పాదిరి అడిగితే చెప్పగలిగే మాటా కాదు. కానీ అతని వేలు ఒక గీతలో పడి కిందికి దిగుతుంటే మణికట్టు దానంతట అదే తిరిగింది, ఎటు తిరగాలో ఎవరూ చెప్పకుండా. నడుముకి కట్టని చెయ్యి ఎలా తిరుగుతుందో అలా.

సుత్తె అక్కడే వదిలేసి, దుంగలు తెచ్చి, ఆ రాయిని ఒక్కడే గోడ దాకా నడిపించాడు. సార్జెంటు పక్కన నిలబెట్టాడు, అడుగువైపు బయటికి కనపడేలా. పసుపు పూసిన మొహం గోడవైపు పోయింది.

పొద్దెక్కాక గంగవ్వని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆమె మరో చేతిలో ఆకు మూసిన గిన్నె ఉంది. చెట్టు వైపు తిరగబోతే అతను గోడ వైపు తిప్పాడు. ఆమె ఆగింది.

"కనపడ్డడా?"

దారంతా కూర్చుకున్న మాటలు ఏవీ రాలేదు. "లేడత్తా," అన్నాడు. "ఆడ ఎవరిని పెట్టలె. ఎన్నడు పెట్టలె."

గంగవ్వ ఏడవలేదు. గిన్నె చేతిలో ఒకవైపు వాలింది, అతను పట్టుకున్నాడు. ఆమె చెయ్యి చాచింది, సంచీ కోసం. ఖాళీ సంచీ ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని వేళ్లతో నలిపి, లోపల ఏమీ లేదని తెలిశాక కూడా నలుపుతూనే ఉంది. అంత చిన్నగా ఆమెను అతను ఎప్పుడూ చూడలేదు. ఒక ఎముక పెట్టి ఉంటే సరిపోయేదేమో అని ఒక క్షణం అనిపించింది.

ఇంకేం చేయాలో తెలియక ఆమె చేతిని తీసుకుని రాతి మీద పెట్టాడు.

గంగవ్వ పెళ్లికి ముందూ తర్వాతా రాళ్లు మోసిన మనిషి. నాయన చెక్కిన రాళ్లు, తమ్ముడు చెక్కిన రాళ్లు తలమీద పెట్టుకుని పరంజాలు ఎక్కినది. ఆమె వేళ్లు ముందు విరిగిన మూలని తాకాయి, తర్వాత గుండ్రటి అంచుని, తర్వాత గీతల్లోకి దిగాయి. దిగి ఆగాయి. మళ్లీ పైనుంచి వచ్చాయి.

"ఎదురు పడ్డయి," అంది.

రాజమల్లు గిన్నె నేల మీద పెట్టాడు.

"ఎవడు చెక్కిండురా ఇది?" మొహం అతని వైపు తిప్పింది. "గిట్ల పడుతయనే గద, మీ అయ్య నిన్ను తన్నేటోడు."

"తెల్వదత్తా. నేనైతే కాదు."

ఆమె నోరు ఒకవైపు కదిలింది, నవ్వుకి దగ్గరగా వచ్చి వెళ్లిపోయింది. చాలాసేపు వేళ్లు తీయలేదు. వరండా వైపు నుంచి సాల్వే పాదిరి వచ్చాడు. కొత్తగా నిలబెట్టిన రాతి ముందు అలవాటుగా వంగి, కళ్లజోడు పైకి తోసుకున్నాడు. చదవడానికి ఏమీ దొరకలేదు. ముసలమ్మ వేళ్లు ఎక్కడ తిరుగుతున్నాయో అక్కడ కాసేపు చూశాడు. నిటారుగా అయ్యి, చేతులు ముందుకి కట్టుకుని, మిగతావాళ్లకి నిలబడినట్టే నిలబడ్డాడు. తర్వాత చప్పుడు లేకుండా వెళ్లిపోయాడు.

"పెట్టు," అంది గంగవ్వ. "సల్లారిపోతది."

రాజమల్లు మోకాళ్ల మీద కూర్చుని ఆకు పరిచాడు. గుమ్మడికాయ కూర వాసన వచ్చింది. ఆమె మొహం అతని వైపే ఉంది, కానీ కుడిచేత్తో పెట్టమని ప్రతి ఏడూ అనే మాట ఈసారి రాలేదు. కుడిచెయ్యి అలవాటుగా అన్నం మీదికి వెళ్లి, అక్కడ ఆగింది. అతను దాన్ని వెనక్కి తీసుకుని తొడ మీద పెట్టుకున్నాడు. ఎడమచేత్తో ముద్ద చేసి, గీతలు దిగివచ్చిన చోట, రాతి మొదట్లో పెట్టాడు.